ఆవకాయ సరిహద్దు

దేశాలూ సరిహద్దులూ రద్దయిపోయాయి. ఎవరు ఎక్కడికైనా వెళ్ళి ఉండొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకోసం జీవితమంతా గొంతు చించుకున్న పురుషోత్తమరావుగారు, కాకినాడలో తమ పక్కవాటాలోకి పెరూ నుంచి వచ్చి దిగిన మార్కోని వెంటనే భోజనానికి పిలిచారు.

"మా ఇంట్లో రూల్సే లేవయ్యా. నీ ఇష్టమొచ్చినట్టు వడ్డించుకో!"

చెవిలోని అనువాద యంత్రం ఆ మాట చెప్పగానే మార్కో సంబరంగా, నీళ్ళు కారుతున్న గరిటెను కొత్తావకాయ జాడీలో పెట్టబోయాడు.

"ఆగక్కడ! తడి తగిలితే బూజు పట్టిపోతుంది!" రావుగారి కేకకి గరిటె ఎగిరి అవతల పడింది.

మార్కో వెళ్ళాక ఆయన జాడీ చుట్టూ ముగ్గుతో గీత గీసి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

ఆయన భార్య సుభాషిణి కంచం పట్టుకొచ్చి గీత దగ్గర ఆగింది.

"నాకో ముక్క కావాలండీ. వీసా ఎవరిస్తారు?"

"ముందు చెయ్యి చూపించు," అన్నారు రావుగారు, నవ్వకుండా.