కెరటం ఇంటర్వ్యూ

పొద్దున్నే వంటింట్లో రేడియో మోగితే చాలు, ధనుంజయ్‌కి ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఏ ఇంటి రేడియో ఆ ఇంటికి నచ్చే గాయకుణ్ణి తానే పుట్టిస్తుంది, తానే ఇంటర్వ్యూ చేస్తుంది. అతని భార్య కల్పలత కోసం పుట్టినవాడు కెరటం అనే ర్యాపర్. లోకంలోనే లేని ఆ మనిషి మాట్లాడుతుంటే ఆమెకు కుక్కర్ విజిల్ కూడా వినబడదు. ధనుంజయ్ కూడా ఒకప్పుడు గాజువాకలో బ్యాండు పెట్టినవాడే. ఆ సంగతి అతన్ని అడిగే దిక్కు లేదు.

ఆ రోజు రేడియోలోని యాంకర్ గొంతు కెరటాన్ని తొలి కచేరీ గురించి అడిగింది.

"మాకు డ్రమ్స్ కొనే స్తోమత లేదండీ," అన్నాడు కెరటం. "కల్యాణ మండపం వంటశాలలో సాంబారు గుండిగలు అడిగి తెచ్చుకున్నాం. స్టేజీ మీద బోర్లించగానే అడుగున మిగిలిన సాంబారంతా నా తెల్ల ప్యాంటు మీద పడింది."

కల్పలత పడీపడీ నవ్వింది. ఉల్లిపాయ తరుగుతున్న ధనుంజయ్ చెయ్యి ఆగిపోయింది.

"అది నా కథ లతా. పెళ్లయిన కొత్తలో నీకు చెప్పాను."

"నీదే మావా. ఎలాటోడు కావాలని రేడియో అడిగితే, నీ గురించే చెప్పాను."

అతని కోపం సగం కరిగింది. మిగతా సగం కరగలేదు.

"మరి నేను చెప్పినప్పుడు నవ్వలేదేం?"

కల్పలత రేడియో సౌండు పెంచింది.

"ఉండు మావా, ఆ తర్వాత ఏటయిందో చెప్తన్నాడు."