అడ్డగీత

ఆట మధ్యలో, అందరూ చిట్టెలుక అని పిలిచే పిల్ల కింద కూర్చుని బూటు లేసు కట్టుకుంది.

ఒక కాలిది అయ్యాక రెండో కాలిది కూడా విప్పి, మళ్లీ తీరిగ్గా కట్టుకుంది. అంతసేపట్లో బంతి గానీ, బంతి వెనక పరిగెత్తే మంద గానీ ఆ పిల్ల దరిదాపులకు రాలేదు.

మాస్టారికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఆ క్లబ్బులో చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. ఇలాంటి శాల్తీ ప్రతి బ్యాచ్‌లో ఒకటి తగులుతూనే ఉంటుంది.

ఆయన చేతిలో పిల్లల కార్డుల కట్ట ఉంది. వచ్చే శనివారంతో ఈ బ్యాచ్ అయిపోతుంది. కార్డు మీద "ఆట మీద ఆసక్తి లేదు" అని పడిందంటే, తర్వాతి బ్యాచ్‌లో ఆ సీటు బయట కాచుకున్న ఇంకొకరికి పోతుంది. చిట్టెలుక కార్డు పైకి తీసి పెన్ను మూత విప్పారు. ఆ మాట రాయడానికి ఆయనకు ఆలోచించే పనే లేదు, చెయ్యి అలవాటు పడింది.

"రెండు," అన్నారెవరో.

కంచె అవతల ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. నెలరోజులుగా ప్రతి శనివారం వచ్చి నోటుబుక్కులో ఏవో గీతలు గీసుకుంటోంది. క్లబ్బు కమిటీ వాళ్లు తన మీద పెట్టిన నిఘా అని మాస్టారి గట్టి అనుమానం.

"ఏంటమ్మా రెండు?"

"ఆ పాపకి బంతి తగిలిన లెక్క. అరగంటలో రెండుసార్లు. అందులో ఒకటి వీపుకి."

"పాప మీకేమవుతుంది?"

"ఏమీ కాదండీ."

"మరి మీకెందుకీ లెక్కలు?"

"బండ్లు లెక్కపెట్టడం నా ఉద్యోగం. కూడలిలో కుర్చీ వేసుకుని పొద్దస్తమానం అదే పని. రోడ్డు ఎంత వెడల్పుండాలో ఆ లెక్క చూసే చెప్తారు." నోటుబుక్కు కంచె మీదుగా చాపింది. "మీ రోడ్డు మరీ పెద్దదైపోయింది మాస్టారూ. బండ్లేమో ఇంతింత."

పేజీ నిండా పిల్లల చొక్కాల నంబర్లు. ఒక్కో నంబరు పక్కన, బంతి తగిలినప్పుడల్లా ఒక గీత. నాలుగు నిలువుగా, అయిదోది వాటి మీద అడ్డంగా. పొడుగ్గా ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లల వరసలు కిటకిటలాడుతున్నాయి. మిగతావాళ్లకి అడ్డగీత పడటమే గగనంగా ఉంది.

"ఆరేళ్ల పిల్లలు. ఇరవై రెండు మందికి ఒక్కటే బంతి," అందావిడ. "గ్రౌండును మూడు ముక్కలు చేసి, నలుగురికి ఎదురు నలుగుర్ని వదిలి చూడండి. గోల్‌కీపర్లు కూడా వద్దు. ఒక్క శనివారం చాలు. కార్డు ఆ తర్వాత రాయండి."

"ఫుట్‌బాలంటే పదకొండు మందమ్మా. నలుగురైతే దాన్ని పేకాట అంటారు."

ఆవిడ నవ్వేసింది.

"సరే. మిగిలిన పది నిమిషాలూ మీరే లెక్కపెట్టండి."

నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయింది.

పీడా పోయిందనుకున్నారు మాస్టారు. కానీ కళ్లు మాట వినలేదు, చిట్టెలుకనే పట్టుకున్నాయి.

పది నిమిషాల్లో ఆ పిల్ల బంతిని ఒక్కసారి కూడా తాకలేదు. "నాకు! నాకు!" అంటూ పదకొండుసార్లు చెయ్యి మాత్రం ఎత్తింది. అంత పెద్ద గ్రౌండులో ఆ చెయ్యి ఎవరికీ కనబడలేదు. నెలల తరబడి ఇక్కడే నిలబడ్డ తనకీ కనబడలేదు. మాస్టారికి సిగ్గేసింది.

పెన్నుకి మూత పెట్టేశారు.

తర్వాతి శనివారం ఆయనే సున్నం పొడి పట్టుకుని గ్రౌండును మూడు ముక్కలుగా గీశారు. రెండు చోట్ల నలుగురికి నలుగురు, మూడో చోట ముగ్గురికి ముగ్గురు. గోల్‌పోస్టులు పిల్లల స్కూలు బ్యాగులే.

"ఇదేంటి మాస్టారూ, గ్రౌండు ఇంత చిన్నదైపోయింది?" అన్నాడొక తండ్రి.

"బండ్లు చిన్నవి కదండీ," అన్నారు మాస్టారు. ఆ తండ్రికేమీ అర్థం కాలేదు.

చిట్టెలుక మొదటి బంతి వదిలేసింది. రెండోదీ వదిలేసింది. మూడోది వచ్చి నేరుగా కాళ్ల దగ్గరే ఆగింది. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని చుట్టూ చూసింది. లాక్కుపోయే మంద ఏదీ లేదు.

ఒక్క తన్ను తన్నింది.

ఇక ఆగలేదు. లేసు ఊడిపోయి బూటు వెంట ఈడ్చుకుపోతోంది. కూర్చుని కట్టుకునే తీరిక ఎక్కడిది?

మాస్టారు అట్టముక్క మీద గీతలు గీస్తూనే ఉన్నారు. అరగంట అయ్యేసరికి నలభై ఏడు.

"మాస్టారూ, ఇంకో ఆట! ఒక్కటే ఒక్కటి!" చిట్టెలుక వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వేలాడింది.

ఆయన ఆ పిల్ల కార్డు తీసి, "ఆడుతుంది. ఇంకా ఆడాలి" అని రాసి సంతకం పెట్టారు. ఈల కొట్టి ఇంకో ఆట మొదలుపెట్టించారు. ఆ నలభై ఏడూ చూపిద్దామని కంచె వైపు తిరిగారు.

అక్కడెవరూ లేరు. గబగబా గేటు దగ్గరికి నడిచారు.

"ఆ లెక్కలావిడ రాలేదా?" వాచ్‌మన్‌ని అడిగారు.

"ఇక్కడి లెక్క అయిపోయిందటండీ. నిన్న సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. ఇది మీకిమ్మంది." నోటుబుక్కు అందించాడు.

"ఏ ఊరు వెళ్లింది?"

"చెప్పలేదండీ."

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఒక్కసారి కూడా ఆవిడ పేరైనా అడగలేదు. అక్కడే బల్ల మీద కూలబడి నోటుబుక్కు మొదటి పేజీ తిప్పారు.

పసుపు పట్టిన పాత కాగితం ఒకటి అంటించి ఉంది. "నాకు బంతి వచ్చింది" అని పెన్సిలుతో చిన్నపిల్ల రాత, దాని పక్కన బ్యాచ్ నడిచిన అన్ని రోజులకీ కలిపి నాలుగే నాలుగు నిలువు గీతలు. అడ్డగీత లేదు.

దాని కింద అంటించిన కార్డు ఇరవై ఎనిమిదేళ్ల నాటిది. "ఆట మీద ఆసక్తి లేదు" అన్న ఆ వంకర అక్షరాలూ, అడుగున ఉన్న సంతకమూ మాస్టారివే.