లోపలికి వచ్చినది

డైరెక్టరు డోలును దుప్పటిలో చుట్టి ప్రయాణం సంచిలో పెడుతుంటే, తాళాలక్క గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఎక్కడికి సారూ?"

"నది అవతలి ఊరికి. ఇది అక్కడిదే కదక్కా. ఇచ్చేసి వస్తా."

ఇచ్చేసి వస్తాడట! మ్యూజియం వస్తువంటే పక్కింటి గిన్నా, వాడుకుని ఇచ్చెయ్యడానికి?

ఆ మ్యూజియం గిడ్డంగి తాళాలు ముప్పై ఏళ్ళుగా ఆమె నడుముకే వేలాడుతున్నాయి. అసలు ఆమె పెరిగిందే ఆ ఆవరణలో. మ్యూజియం పెట్టిన పెద్దాయన, నా అన్నవాళ్ళు లేని పిల్లంటూ ఊహ తెలియని వయసులో తెచ్చి పెంచాడు. ఆయన చెక్కించిన ఆశయం హాల్లో రాతిపలక మీద ఉండేది: 'లోపలికి వచ్చినది బయటికి పోరాదు.' కొత్త డైరెక్టరు వచ్చిన ఆర్నెల్లకే కమిటీని కూర్చోబెట్టి, ఆ పలక తీయించి బోర్డు పెట్టించాడు: 'ఎవరి నుంచి తెచ్చినవి వారికి చేర్చడమే మా లక్ష్యం.'

"మాట తియ్యగానే ఉంది. సరుకు దాటించడానికి ముందే దారి వేసుకుంటున్నాడు," అంది ఆమె ఆ రోజే వాచ్‌మన్‌తో.

"నీకందరూ దొంగలేనక్కా. మొన్న నా అన్నం డబ్బా కూడా తెరిపించావు."

"తెరిపించాను కాబట్టే ఇంకా ఉద్యోగంలో ఉన్నావు."

ఆమె అనుమానానికి కారణాలు లేకపోలేదు. నెల్లాళ్ళుగా డైరెక్టరు పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటున్నాడు. ఒకసారి ఆమె గదిలోకి రాగానే చేతిలో ఉత్తరాన్ని గబుక్కున సొరుగులోకి తోసేశాడు. నిన్నయితే తలుపు చాటు నుంచి ఫోన్లో గుసగుస చెవినపడింది.

"ఏడాది సరిపోయింది. గుర్తులూ సరిపోయాయి. మీరు కళ్ళారా చూసి అవునన్నదాకా ఇక్కడ నేను నోరు విప్పను."

బేరం కాక మరేమిటది?

"నేనూ వస్తా," అంది తాళాలక్క.

డైరెక్టరు సంచి జిప్పు లాగుతూ ఆగాడు. "అంత దూరం మీకెందుకక్కా శ్రమ?"

"డోలు కదిలితే నేనూ కదులుతా. అంతే."

"సరే, రండి."

మరీ అంత తొందరగా ఒప్పుకున్నాడేం? నెపం తన మీదికి తోసే ఎత్తు కాదు కదా!

బస్సులో సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది. అతను నీళ్ళ సీసా అందిస్తే పుచ్చుకుంది కానీ తాగలేదు. మత్తు కలిపి ఉంటే? రెండుసార్లు జిప్పు తీసి, దుప్పటి లోపలికి చెయ్యి పోనిచ్చి డోలును తడిమి చూసుకుంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పడవ దిగేసరికి మధ్యాహ్నమైంది. కొనేవాడి కారు ఎక్కడైనా ఆగి ఉందేమోనని తాళాలక్క నాలుగువైపులా చూసింది. కారు లేదు. రేవులో ఓ ముసలమ్మ, ఆమె వెనక పదిమంది బంధువులు ఉన్నారు. తాళాలక్క ఎవరికీ అవకాశమివ్వకుండా తనే డోలు తీసి ముసలమ్మ ముందు పెట్టింది.

"బాగా చూసుకోమ్మా. మీదేనా? మీదైతే ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి. లేకపోతే వెనక్కి పట్టుకుపోతా."

ముసలమ్మ డోలు వంక చూడనేలేదు. డైరెక్టరు వైపు తిరిగింది.

"డోళ్ళు మేం మళ్ళీ చేసుకున్నాం బాబూ. మీ పెద్దాయన ఆ రోజు డోలొక్కటే పట్టుకుపోయాడా? నేను ఉత్తరం రాయించింది దీని కోసమేనా?"

"కాదమ్మా," అన్నాడు డైరెక్టరు తల వంచుకుని. "ఇది కదలకపోతే ఆమె గిడ్డంగి దాటి వచ్చేది కాదు."

ముసలమ్మ చెయ్యి చాచి, తాళాలక్క జుట్టు పక్కకు తీసి, చెవి వెనక చూసింది. వేళ్ళు అక్కడి పుట్టుమచ్చ మీదే ఆగిపోయాయి.

మర్నాడు డైరెక్టరు డోలుతో మ్యూజియానికి తిరిగివచ్చాడు. తాళాలక్క ఇక రాలేదు.