ఎదురువంపు విల్లు

ఫట్‌మంది.

వరండాలోంచి వచ్చిన ఆ చప్పుడుకి వంటింట్లో ఉన్న అప్పయమ్మ తల కూడా ఎత్తలేదు. కొన్నాళ్ళుగా అల్లుడి ప్రతాపం వింటూనే ఉంది.

"ఏటి బాబూ, ఇదీ ఇరిగిపోనాదా?"

"విరగలేదు అత్తయ్యా. టెస్టింగ్‌లో ఫెయిలైంది" అన్నాడు నరేంద్ర, రెండు ముక్కలూ చెరో చేత్తో పట్టుకుని.

నరేంద్ర భిలాయి స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పెద్ద ఇంజనీరు. ఎర్రగా కాలిన ఇనుము తన మాట విని రైలు పట్టాలుగా సాగుతుంది కాబట్టి, ప్రపంచంలో తక్కినవన్నీ కూడా విని తీరాలని ఆయనగారి నమ్మకం. భార్య వందన వినడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు కర్ర మొండికేసింది.

దీనికంతటికీ మూలం తెలుగు సమాజం సెక్రటరీ రామచంద్రరావు. ఆయన ఓరోజు సెక్టర్ 7లో వీళ్ళ క్వార్టరుకి వచ్చి, "మన దసరా నాటకానికి విల్లు కావాలి బాబూ. నీకు కర్రపని సరదా అని వందన చెప్పింది" అన్నాడు.

"పాతది ఏమైంది?"

"పోయినేడు విరిగిపోయింది."

"అంతకుముందుది?"

"అదీ విరిగిందే. ఏటా విరుగుతుంది. ఏటా కొత్తది చేయించడమే."

నరేంద్ర పగలబడి నవ్వాడు. భిలాయిలోనే పుట్టి పెరిగినా ఒక్కనాడూ సమాజం నాటకానికి వెళ్ళిన పాపాన పోలేదు. అట్టకిరీటాలు చూస్తే తలనొప్పి అనేవాడు.

"ఏటా విరిగే విల్లా! దేశానికి పట్టాలు పంపే ఊళ్ళో ఉంటూ ఎంత సిగ్గుచేటు అంకుల్! ఎవడా వడ్రంగి?"

"అది కాదు బాబూ. అంత గట్టిది మాకు..."

"ఆప్ టెన్షన్ మత్ లీజియే. నేను చేసిన విల్లు విరిగిందంటే మీసం తీసేస్తా."

రామచంద్రరావు ఇంకేదో చెప్పబోయాడు. నరేంద్ర అప్పటికే ఫోనులో విళ్ళ బొమ్మలు వెతుకుతున్నాడు. వినడం ఆయన డ్యూటీలో లేదు మరి.

"తాడు మాత్రం కట్టకుండా ఇవ్వు. స్టేజీ మీదే ఎక్కిస్తారు" అని చెప్పి ముసలాయన గుమ్మం దాటాడు.

మామూలు విల్లు నరేంద్ర కంటికి ఆనలేదు. ఎదురువంపుది కావాలన్నాడు. అంటే తాడు విప్పగానే కొమ్ములు అవతలివైపుకి తిరిగిపోవాలి. తాడు ఎక్కించాలంటే మళ్ళీ దాన్ని మొత్తం ఇవతలికి వంచాలి. వంపు పెరిగేకొద్దీ విల్లుకి బలం, కర్రకి నరకం. వంచేటప్పుడు లోపలివైపు నలుగుతుంది, బయటివైపు సాగుతుంది, సాగలేక ఫట్‌మంటుంది. పలచగా చెక్కితే పక్కకి మెలితిరిగి చేతిలోంచి జారిపోతుంది. మందంగా ఉంచితే వంగనే వంగదు. వెడల్పు చేస్తే తెడ్డులా ఉందని వందన నవ్వింది. ఆవిరి పట్టి తెచ్చిన వంపు నాలుగు రోజులకే నీరసించి తిన్నగా అయిపోతుంది. కంప్యూటర్లో గీసి వంచి చూసినవి మాత్రం ఒక్కటీ విరగలేదు.

"నా ఇడ్లీపాత్ర ఎప్పుడు వాపస్ చేస్తారు?" అంది వందన. "రోజూ ఉప్మా తినలేక చస్తున్నాం."

"బస్, ఇదే ఆఖరు. ఈసారి ధామన్ కర్ర. కుమ్హారి కలప డిపోలో దొరికింది. దాని వీపుకి వెదురుబద్ద అతికిస్తా. సాగడం వెదురు చూసుకుంటుంది, నలగడం కర్ర చూసుకుంటుంది. ఎవరి డ్యూటీ వాళ్ళది."

అప్పయమ్మ చీపురుతో విరిగిన ముక్కల్ని ఓ మూలకి నెట్టింది. "ఎందుకు బాబూ అంత కష్టం? ఈ ఇరిగిందానికే నాలుగు రంగుకాయితాలు సుట్టీసి ఇచ్చీండి. ఆల్లకది సాలు."

నరేంద్రకి ఒళ్ళు మండింది. ఈవిడ వెటకారం తనకి తెలియదా? ఆ రోజంతా అత్తగారితో మాట్లాడలేదు. ఆవిడకి ప్రాణం హాయిగా ఉంది.

ధామన్ విల్లు విరగలేదు. మెలితిరగలేదు. తాడెక్కించి నిండు గ్యాస్ సిలిండరు వేలాడదీసినా చిన్న చిటుక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. 'భిలాయి గాండీవం' అని పేరు పెట్టి ఆ ఫొటో కాలనీ గ్రూపులో పడేశాడు నరేంద్ర. ఎవరైనా ముట్టుకుని పాడుచేస్తారని, నాటకం మొదలయ్యేదాకా కారులోనే తాళం వేసి ఉంచాడు.

తెర వెనక, ఒంటికి నీలంరంగు పూసుకున్న శరత్ విల్లు అందుకుని తెల్లబోయాడు. "ఇంత గట్టిదేంటి భయ్యా! థోడా నరమ్..."

"జిమ్‌కి వెళ్ళు" అని భుజం తట్టి, నరేంద్ర వెళ్ళి మొదటి వరసలో అత్తగారి పక్కన కూర్చున్నాడు. మీసం దువ్వుకున్నాడు.

శరత్ ఘట్టం వచ్చింది. విల్లు మొదటిసారి ఎదురుతిరిగి అతని కిరీటం పడగొట్టింది. రెండోసారి మోచేతి మీద కొట్టింది. జనం ఈలలు వేశారు. వేషాలు కట్టుకుని పక్కన కూర్చున్న పెద్దమనుషులిద్దరు లేచొచ్చి చెరో కొమ్మూ పట్టుకుంటే ఎట్టకేలకి తాడెక్కింది. శరత్ లాగాడు. కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. హార్మోనియం అదే ముక్కని మళ్ళీ మళ్ళీ వాయిస్తోంది. చివరికి విల్లుని నేల మీద పెట్టి దాని మీదకెక్కి నిలబడ్డాడు. తెర పక్కన రామచంద్రరావు తల పట్టుకున్నాడు.

నరేంద్ర ఆనందం పట్టలేకపోయాడు. అత్తగారివైపు తిరిగి, "చూశారా? ఎక్కి తొక్కినా విరగదు! ఇప్పుడేమంటారు?" అన్నాడు.

అప్పయమ్మ స్టేజీవైపు ఓసారి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సీతమ్మోరికి ఇంక పెల్లవదు బాబూ."