తీతువు అడిగిన మాట

తీతువు పిట్ట కూస్తే కీడని అడవిలో అందరికీ భయం. అది గుమ్మం ముందు వాలితే చాలు, కుందేలు పిల్లల్ని లోపలికి లాక్కునేది.

ఆ ఏడు నక్క వాగుకు వెళ్ళే దారంతా ముళ్ళకంప వేసి, నీళ్ళు తనవేనంది. కాళ్ళు చీరుకుపోయినవాళ్ళకు తాబేలు తాత ఓపిగ్గా పసరు పూసేవాడు. అందరూ ఆయనకు దండం పెట్టి వెళ్ళేవారు. తెల్లారితే మళ్ళీ అవే కాళ్ళు.

తీతువు మాత్రం గుమ్మం గుమ్మానికీ తిరిగింది. "నీ కాలికేమైంది?" అని అడిగితే, "చూసుకోకుండా నడిచాను, నాదే తప్పు," అంది కుందేలు. ముంగిసా అదే అంది, ఉడుతా అదే అంది.

"ఒక్కసారి ముంగిస కాలు చూసి రావే," అని కుందేలును బతిమాలింది తీతువు.

ఒకరి గాయాలు ఒకరు చూసుకున్నాక, తప్పు తమ నడకది కాదని తెలిసి ఇంకెవరూ ఊరుకోలేకపోయారు. "నక్క దగ్గరికి వెళ్తున్నాం, నువ్వూ రా," అంది కుందేలు.

"నేనొస్తే ఆ పిట్టే ఎగదోసిందంటుంది నక్క. మీరే వెళ్ళండి," అంది తీతువు.

కుంటుకుంటూనే అందరూ కలిసి వచ్చి నిలబడేసరికి నక్క తోక ముడిచింది. కంపంతా లాగిపారేసి వాగులో కేరింతలు కొట్టారు. తీతువును పిలవాలని ఎవరికీ గుర్తు రాలేదు. దూరంగా బండమీద ఒంటరిగా కూర్చుని అది ఆ నవ్వులు వింటూ ఉండిపోయింది.

పొద్దువాలే వేళకు తాబేలు తాత మెల్లగా వచ్చి దాని పక్కన చేరాడు. చేతిలో ఆకుదొప్ప, అందులో పొద్దున నూరిన పసరు అలాగే ఎండిపోయి ఉంది.

"ఈవేళ ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు తల్లీ," అన్నాడు.