ఒకేలాంటి రెండు డబ్బాలు

"అమ్మా, దుంపలు తిన్నట్టు కాళ్ళకెలా తెలుస్తుంది?"

బుడ్డది అడిగే ప్రశ్నలన్నీ ఇలాగే ఉంటాయి. అమ్మ ఉడికిన బంగాళాదుంపలు డబ్బాలో సర్దుతూ నవ్వింది.

"దుంపలో, రొట్టెలో పిండిపదార్థం ఉంటుందే. కడుపులోకి వెళ్ళాక అది చక్కెరగా మారుతుంది. రక్తం ఆ చక్కెరని మోసుకెళ్ళి కాళ్ళకిస్తుంది. పొయ్యిలో కట్టె మండినట్టు అక్కడది మండితేనే నీకు పరుగు."

"మరి అక్కకి?"

"మీ అక్క మహారాణి! లావైపోతుందట. నెల నుంచీ పొద్దున పూట దోసకాయ ముక్కలు తప్ప ముట్టదు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. కట్టె లేని పొయ్యిని ఎంత ఊదితే ఏం లాభం?"

గుమ్మం అవతల జడ వేసుకుంటున్న పెద్దదానికి ఒళ్ళు మండిపోయింది. మొన్నటిదాకా తన వెనక రొప్పుతూ వచ్చిన బుడ్డది ఇప్పుడు రోజూ తనని దాటేస్తోంది. ఇవాళ్టి పరుగు పందెంలో గెలిచిన ఒక్కరికే బడి జట్టులో చోటు. ఆ చోటు కోసం ఏళ్ల తరబడి తెల్లారకముందే లేచింది తను. ఎగరేసుకుపోయేది ఇదా? పైగా అమ్మ కూడా దాని పక్షమే!

జడ ముగించి వచ్చేసరికి బుడ్డది అక్క సంచి దగ్గర తచ్చాడుతోంది.

"నా సంచిలో ఏం కెలుకుతున్నావే?"

"ఏం లేదక్కా, జిప్పు ఊడితే వేశాను."

"నా రిబ్బన్ గానీ తీశావో, చూడు!"

మైదానానికి చేరగానే బుడ్డది నంబర్లు తేవడానికి పరిగెత్తింది. రెండు సంచులూ పెద్దదాని ముందే ఉన్నాయి. లోపల రెండు స్టీలు డబ్బాలు, ఒకే సైజువి. అమ్మ మాట నిజమైతే ఇవాళ దుంపలు తినాల్సింది తనే. తప్పని తెలుసు. అయినా చటుక్కున డబ్బాలు మార్చేసింది. ఒక్కపూట దోసకాయ తింటే చచ్చిపోదులే అనుకుంది.

"అక్కా, నీ నంబరు కూడా తెచ్చేశా! ఆకలి దంచేస్తోంది, తిందామా?"

"తిను తల్లీ, తిను," అంది పెద్దది, ఎన్నడూ లేనంత తియ్యగా.

ఇద్దరూ మూతలు తీశారు. పెద్దదాని డబ్బాలో దోసకాయ ముక్కలు! కొంపదీసి అమ్మే తారుమారుగా సర్దిందా? పక్కకి చూసింది. బుడ్డది ఒళ్ళో దుంపలు పొగలు కక్కుతున్నాయి. అది వాటినే కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

"అదేంటక్కా, వీటిని ఇంట్లోనే నీ సంచిలో పెట్టేశానుగా!"