జెరొటిచ్ గుండె దిగలేదు

"బ్యాగు దించు! నువ్వు ఎల్డొరెట్ రావడం లేదు."

కోచ్ కిమోసోప్ కేకకి, వ్యాను మెట్టు మీద కాలు పెట్టిన జెరొటిచ్ అక్కడే ఆగిపోయింది. మర్నాడే ఆ ఊళ్ళో పరుగు పందెం. గెలిస్తే దేశం జట్టులో చోటు. ఏడాదంతా ఇటెన్ కొండల మీద ఎర్రమట్టిలో పరిగెత్తింది దానికోసమే.

"ఎందుకు కోచ్? నిన్న కూడా అందరికన్నా ముందొచ్చింది నేనే కదా!"

"కాళ్ళ సంగతి కాదు, గుండె సంగతి!" కోచ్ ఫోను ఊపాడు. క్యాంపులో అమ్మాయిలందరూ రాత్రిళ్ళు గుండె వేగం చూసే గడియారం కట్టుకుని పడుకోవాలి. తెల్లారేసరికి లెక్కలన్నీ ఆయన ఫోనులోకి వచ్చేస్తాయి. ఆ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ మహానుభావుడు మనుషుల మొహాలు చూడటం మానేశాడు.

"పోయిన పందేనికీ ఇలాగే ఆపేశారు. గుండె జోరు పెరిగింది, రాత్రి డాన్సుకెళ్ళావన్నారు. నెలసరి దగ్గరపడితే అంతే కోచ్ అని మొత్తుకుంటే, చెవులు మూసుకున్నారు."

"అప్పుడు తెలీదు. ఇప్పుడు క్లాసుకెళ్ళి నేర్చుకున్నాను." కోచ్ గొంతు సవరించుకున్నాడు. వ్యానులోని అమ్మాయిలు మొహాలు కిటికీలకి ఆనించారు. "మనం చెప్పకుండానే గుండెని నడిపే నరాలుంటాయి. కొన్ని అదిలిస్తాయి, కొన్ని పగ్గం పడతాయి. నెలలో సగం దాటాక పగ్గం పట్టేవి కాస్త సడలుతాయి. ఒళ్ళు వేడెక్కుతుంది, గుండె జోరందుకుంటుంది. ఆ రోజులు రాగానే మళ్ళీ దిగుతుంది. అవునా?"

"మరింకేం! తెలిసింది కదా!"

"తెలిసింది కనకే అడుగుతున్నా. నీ గుండె ఎక్కింది. వారాలు గడిచిపోతున్నాయి, దిగలేదు. ఎందుకు దిగలేదు? క్లాసులో అదీ చెప్పారు." గొంతు తగ్గించాననుకున్నాడు గానీ, వీధి చివరిదాకా వినపడింది. "కడుపొస్తే దిగదు!"

వ్యానులో అందరూ ఒక్కసారే నోళ్ళు నొక్కుకున్నారు. జెరొటిచ్ మొహం పాలిపోయింది. దిక్కుతోచక వంటింటి వైపు చూసింది.

గుమ్మంలో కోచ్ భార్య సలీనా టీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. చలికి స్వెట్టర్ చేతులు వేళ్ళదాకా లాక్కుంది. ఐదుగురు పిల్లల తల్లి, పెద్దవాడికి పెళ్ళీడు. క్యాంపులో అమ్మాయిలందరికీ ఆవిడే అమ్మ.

"అమ్మా, చెప్పేయనా?" అంది జెరొటిచ్ ఏడుపుగొంతుతో.

"ఓహో, అమ్మకీ తెలుసన్నమాట! ఇద్దరూ కలిసి దాచారా?" కోచ్ గంతేసినంత పని చేశాడు.

సలీనా కెటిల్ కింద పెట్టింది. "ఏమయ్యా, దిగదని క్లాసులో గట్టిగానే చెప్పారా?"

"దిగదంటే దిగదు! నువ్వు అడ్డు రాకు. జెరొటిచ్, వాడి పేరు చెప్పు! వాడెవడైనా సరే, కాన్పయ్యేదాకా ఈ వంటింట్లో గిన్నెలు తోమిస్తాను. అందరూ వినండి, కోచ్‌గా ఇది నా మాట!"

ఆ ఊళ్ళో మగవాడికి అంతకుమించిన నగుబాటు లేదు. వంటింటి గడప తొక్కాడని తెలిస్తే చాలు, సంతలో ఆడవాళ్ళు కూడా వదలకుండా ఏడిపిస్తారు. వ్యాను డ్రైవరు ఒక్క మాటా పోకూడదని రేడియో కట్టేశాడు.

సలీనా లోపలికి వెళ్ళి, మొక్కజొన్న సంకటి, అదే ఉగాలి, అడుగంటిన గిన్నె పట్టుకుని వచ్చింది. "పిల్లా, ఏడవకు. బ్యాగు లోపల పెట్టి బండెక్కు," అంది. గిన్నె తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది. తర్వాత స్వెట్టర్ చెయ్యి మోచేతిదాకా లాగి, మణికట్టుకున్న జెరొటిచ్ గడియారం చూపించింది.

"నా ముసలి గుండైతే కుదురుగా ఉంటుంది, పిల్ల పందెం పోదు కదా అని, నువ్వు గురక మొదలెట్టాక రోజూ ఇది నేనే కట్టుకుంటున్నానయ్యా. ఊఁ, ముందు ఈ గిన్నె తోము."